ఎడంచేతి సర్వీసు

చీపురుపల్లి రైలు గేటు అవతల, మా పేటలో ఒక వాలీబాల్ క్లబ్బు ఉంది. దానికొక చరిత్ర కూడా ఉంది. నలభై పేజీల పుస్తకం, నున్నటి కాగితం, అట్ట మీద రంగుల్లో షీల్డు బొమ్మ. ఆ పుస్తకం రాసిన పాపాత్మురాలిని నేనే. కాబట్టి దాన్ని తిట్టే హక్కు ఊళ్ళో అందరికన్నా ముందు నాకే ఉంది.

క్లబ్బు అనగానే ఏదో ఊహించుకోకండి. బియ్యం మిల్లు వెనక, ఊక పోసే స్థలం పక్కన, రెండు ఇనప స్తంభాలు, మధ్యన ఒక వల, ఒక రేకుల షెడ్డు. షెడ్డు మీద క్లబ్బు పేరు కన్నా దాతల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉండేవి. ఫ్యాను ఇచ్చిన ఆసామి దాని మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకున్నాడు. తిరిగితే పేరు కనపడదని మే నెలలో కూడా ఆపించేవాడు. చెమటలు కక్కుకుంటూ ఆ పేరు కింద కూచునేవారు తప్ప, స్విచ్చి వెయ్యమని అడిగిన మగాడు ఆ కమిటీలో లేడు.

కమిటీలో పదకొండు మంది. బంతి తిన్నగా పట్టుకోవడం వచ్చినవాడు ఒక్కడు లేడు. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, ఇనప సామాను కొట్టు, మిల్లు యజమాని, మిగిలినవాళ్ళు భూములున్న ఆసాములు. సాయంత్రమైతే షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఆట వైపు వీపు, రోడ్డు వైపు మొహం పెట్టి కూచునేవారు. వాళ్ళు ఆట చూస్తూ కూచుంటే రోడ్డున పోయేవాళ్ళు వాళ్ళ మొహాలు ఎలా చూస్తారు మరి? వెనకాల కుర్రాళ్ళు మోకాళ్ళు చెక్కుకుపోయి ఆడుతుంటే, ఇటు తిరిగి ఎరువుల బస్తాల గురించి మాట్లాడుకునేవారు. ఆడేవాళ్ళలో ఎవడైనా నీళ్ళడిగితే కుండ వైపు వేలు చూపించేవారు. అదీ వాళ్ళ క్రీడాసేవ.

రాష్ట్రం రెండయిన మరుసటేడు వేసవి సెలవుల్లో అధ్యక్షుడూ సెక్రటరీ మా ఇంటికి వచ్చారు. అధ్యక్షుడంటే బట్టల కొట్టు ఆసామి. తండ్రి పోయాక కొట్టుతో పాటు క్లబ్బు కూడా ఆయనకే వచ్చింది. క్లబ్బు పెట్టి నలభై ఏళ్ళయిందనీ, సభ పెడుతున్నామనీ, దానికి చరిత్ర పుస్తకం వెయ్యాలనీ చెప్పారు.

"మీకన్నా బాగా తెలుగు రాసేవోళ్ళు ఈ సుట్టుపక్కల ఎవరున్నారు టీచరమ్మగారూ," అన్నాడు అధ్యక్షుడు. అంటూనే రుమాలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మా వరండాలో ఎండుచేపల బుట్టలున్నాయి.

నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆ బుట్టలు మా ఆయనవి. మా ఆయన కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి చీపురుపల్లి సంతలో అమ్ముతాడు. టీచరమ్మ మొగుడు చేపలమ్మడమేటని ఊళ్ళో చాలామందికి కడుపునొప్పి. ఆ చేపలు మాత్రం కడుపునిండా తింటారు.

ఇంతకీ వీళ్ళు నన్నెందుకు వెతుక్కుంటూ వచ్చారో నాకు తెలుసు. నా దస్తూరీ కోసం. అది ఆ క్లబ్బుకి కొత్త కాదు. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే వాళ్ళ కాగితాలు నింపినదాన్ని. ముత్యాల్లాంటి అక్షరాలు అనేవారు. తప్పు పోతే పిచ్చిగీతలు గీసేదాన్ని కాదు, స్కేలు పెట్టి ఎర్రసిరాతో తిన్నగా ఒక గీత కొట్టేదాన్ని. ఇప్పటికీ పిల్లల పుస్తకాల్లో అంతే. టీచరమ్మ కొట్టిన గీత వెంట చీమ నడిచినా వంకర పోదని స్కూల్లో వేళాకోళం.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే మీకేమీ అర్థం కాదు. ఆ రోజుల్లో మా రెండు జిల్లాల్లోనూ టోర్నమెంట్లు ఎలా జరిగేవో చెప్తే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఏ ఊరి టీములో ఆ ఊరివాళ్ళే ఆడాలని రూలు. రూలు పెట్టినవాళ్ళతో సహా ఎవరూ దాన్ని పాటించేవారు కారు. బాగా ఆడేవాడు ఎక్కడున్నా పట్టుకొచ్చి, సొంత ఊళ్ళో ఎవరో ఒకరి పేరు అతనికి తగిలించి, ఎంట్రీ ఫారంలో ఆ పేరే రాసేవారు. టోర్నమెంటు అయ్యేదాకా అతని పేరు అదే. రిఫరీ పిలిచేదీ అదే, జనం అరిచేదీ అదే. దాన్ని 'పేరు మీద ఆడటం' అనేవారు. "నువ్వెవరి పేరు మీద ఆడతన్నావు?" అని ఆటగాళ్ళు ఒకరినొకరు, మీదే ఊరు అన్నంత మామూలుగా అడుక్కునేవారు. అవతలి టీమూ ఇదే పని చేసేది కాబట్టి ఫిర్యాదు చేసే మొహం ఎవరికీ లేదు.

మా అమ్మ పుట్టిల్లు కళింగపట్నం. మా మేనమామ కొడుకు, నా బావ, అక్కడ ఇసకలో బంతి ఆడి పెరిగాడు. పుర్రచేతివాటం. తల మీదుగా ఎడంచేత్తో సర్వీసు కొడితే బంతి వల అంచు తాకీ తాకనట్టు పోయి, ఆఖరున ఎదుటివాళ్ళు అనుకున్న వైపు కాకుండా రెండో వైపు తిరిగి వెనక గీత మీద పడేది. రైల్వే గ్యాంగుమేనుగా పనిచేసే మా నాన్న ఈ సంగతి ఎక్కడో నోరు జారాడు. అంతే, క్లబ్బు పెద్దలు మూడో రోజుకల్లా బావని రప్పించారు.

ఫారం నింపడానికి నన్ను పిలిచారు. బట్టల కొట్టు పెద్దాయన, అంటే ఇప్పటి అధ్యక్షుడి తండ్రి, ఎదురుగా నిలబడి ఒక్కొక్క పేరూ చెప్తుంటే రాశాను. ఐదు పేర్లయ్యాయి. ఆరో గడి దగ్గర ఆగి, "మా బావ పేరు రాయనా?" అన్నాను.

"పిచ్చి గుంటా, ఆడి పేరెందుకు? మావోడి పేరు రాయి," అన్నాడు పెద్దాయన.

ఆయన గారి పుత్రరత్నం అక్కడే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడ నిండా పౌడరు. బంతి మీదికొస్తే రెండు కళ్ళూ మూసుకునే ఘనుడు. అతని పేరు రాశాను, ఎంతో ముచ్చటగా. కింద స్కేలు పెట్టి ఎర్రగీత కూడా కొట్టాను. బావ గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఐదో తరగతితో బడి మానేసినవాడు, కూడబలుక్కుని చదివి, "బాగా రాసినావే," అన్నాడు. నేను పొంగిపోయాను. పద్నాలుగేళ్ళ వెర్రిమొహాన్ని.

మొదటి ఆటలో రిఫరీ ఆ పేరు పెట్టి పిలిస్తే బావ వెనక్కి తిరిగి చూడలేదు. ఎవర్నో అనుకున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడిస్తే అప్పుడు కదిలాడు. రెండో ఆటకి కాస్త నయం. ఫైనల్ నాటికి ఆ పేరు వినపడటమే ఆలస్యం, ఠక్కున తిరిగేవాడు.

ఫైనల్ విజయనగరంలో. నాన్న నన్ను కూడా పాసింజరు బండిలో తీసుకెళ్ళాడు. ఆఖరి గేములో ఆఖరి పాయింటు. సర్వీసు బావది. అరచేతిలో ఉమ్మేసుకుని, ఆ చెయ్యి మట్టికి రాసి, తుడుచుకోకుండానే కొట్టాడు. బంతి వెళ్ళి అవతలి వెనక గీత మీద పడింది. సున్నం లేచింది. ఎదుటివాళ్ళు కదలనైనా కదలలేదు. మా పేట జనం బావని భుజాల మీదికెత్తి, ఎవడి పేరో అరుచుకుంటూ తిప్పారు. నేనూ అరిచాను, ఆ పేరే.

తరవాత బహుమతి. స్టేజి మీద మైకులో ఆ పేరే పిలిచారు. బావ లాగు వెనక చేతులు తుడుచుకుంటూ ముందుకి నడిచాడు. ముందు వరస కుర్చీలోంచి ఇస్త్రీ చొక్కా కూడా లేచింది. తండ్రి వెనక నుంచి తోశాడు, నేను నా కళ్ళతో చూశాను. ఇద్దరూ స్టేజి ఎక్కారు. ముఖ్య అతిథి ఇటు చూశాడు, అటు చూశాడు. ఒకడు బనీనుతో మట్టి కొట్టుకుపోయి ఉన్నాడు, ఇంకొకడు పౌడరు రాసుకుని ఉన్నాడు. షీల్డు పౌడరుకి ఇచ్చాడు. ఫోటో తీశారు. అందులో బావది ఎడమ మోచెయ్యి ఒక్కటే పడింది.

తిరుగు బండిలో నేను ఏడుపు మొహం పెడితే బావ నవ్వి, "ఆడి పేరు ఆడు పట్టుకుపోనాడు. పోనీలే," అన్నాడు.

ఆ బావనే తరవాత చేసుకున్నాను. నేను ట్రైనింగు అయి టీచరయ్యాను, అతను చీపురుపల్లి వచ్చి చేపల వ్యాపారం పెట్టుకున్నాడు. క్లబ్బు మళ్ళీ ఎప్పుడూ అతన్ని ఆటకి పిలవలేదు. వల చిరిగితే మాత్రం కబురు పంపేది. ముప్పై ఏళ్ళ పాటు ఆ క్లబ్బు వల ముళ్ళన్నీ మా బావ వేసినవే. 'వలోడు' అనేవారు అతన్ని. సొంత పేరు వాళ్ళలో సగం మందికి తెలియదు, మిగతా సగానికి అక్కర్లేదు.

మళ్ళీ మా వరండాకి వస్తాను. చరిత్ర రాయమన్నారు కదా, సరే, ఏమేం రాయాలో చెప్పండన్నాను. అధ్యక్షుడు కుర్చీలో ముందుకి జరిగాడు.

"మిగతాది ఎలాగ రాసినా పర్లేదు గాని, ఆ ఫైనల్ మాత్రం వివరంగా రాయాలండి. ఆఖరి పాయింటు. జనం గొంతులు సించుకుంటన్నారు. నేను బంతి తీసుకుని గీత కాడికెళ్ళాను. ఒక్కసారి ఆకాశం కేసి సూసి, అమ్మవారికి దండం ఎట్టుకుని, ఈ కుడిచేత్తో కొట్టాను సూడండి..."

నేను నోరు వెళ్ళబెట్టాను. నాకు ముందు ఒళ్ళు మండలేదు, ఆశ్చర్యం వేసింది. అతను అబద్ధమాడుతున్నట్టు లేడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ముప్పై అయిదేళ్ళుగా అందరూ ఆ షీల్డు తనదంటుంటే, ఫోటో గోడ మీద చూసుకుంటుంటే, ఆ మనిషి ఎక్కడో ఒకచోట నిజంగానే ఆ బంతి కొట్టేశాడు. కొట్టులో చీరలు మడతపెడుతూ, గల్లా పెట్టె ముందు కునుకు తీస్తూ, వెయ్యిసార్లు కొట్టి ఉంటాడు. వెధవ, ఎంత ధీమాగా చెప్తున్నాడో.

ఆ పక్కనే కింద కూచుని బావ చేపలు ఏరుతున్నాడు. ఇప్పుడు ఒక్క మాట అంటాడు, ఈ పెద్దమనిషి పరువు మా గుమ్మంలోనే పోతుందని నేను కాచుకుని ఉన్నాను.

బావ తలెత్తాడు. "కుడిసెయ్యి కాదండి. తమరు ఎడంసేత్తో కొట్టినారు. నాను సూసినాను," అన్నాడు.

అధ్యక్షుడు తన రెండు చేతులూ చూసుకున్నాడు. "అవునవును. ఎడంసెయ్యే. సూసారా, వయసు మీదపడి మర్సిపోతన్నాను," అన్నాడు. సెక్రటరీ పుస్తకం తీసి 'ఎడమచేయి' అని రాసుకున్నాడు.

వాళ్ళు గేటు దాటగానే నేను విరుచుకుపడ్డాను. "ఏటి బావా అది? సిగ్గులేదా నీకు?"

"ఆడింది ఎవుడో పోనీ. సెయ్యైనా సరిగ్గా ఉండాలి కదేటే," అన్నాడు.

ఇది జరిగిన రెండు రోజులకు, చిరిగిన వల ఒళ్ళో వేసుకుని ముళ్ళు వేస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఒసే, ఆ పుస్తకంలో నా పేరు రాస్తావేటి?"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి నన్ను ఏదీ అడగలేదు. కూరలో ఉప్పు తక్కువైతే అడక్కుండా లేచి తెచ్చుకునే రకం.

"ఆడి పేరు తీసెయ్యక్కర్లేదు. అడుగున ఎక్కడో ఒక ముక్క. పలానా వోడు ఈ పేరు మీద ఆడినాడు అని. నాతో ఆడినోళ్ళు ఒక్కొక్కళ్ళే పోతన్నారు. మొన్న కళింగపట్నంలో సెప్తే కుర్రోళ్ళు నవ్వినారు. ముసిలోడు కోతలు కోస్తన్నాడు అన్నారు. పుస్తకంలో ఉంటే సూపిస్తాను కదా."

"అడుగున కాదు బావా, పైన రాస్తాను," అన్నాను.

రాశాను కూడా. మిగతా ముప్పై తొమ్మిది పేజీలూ దాతలకి భజన చేశాను, ఫ్యాను వాడిని దానకర్ణుణ్ణి చేశాను, అందుకు నాకేమీ సిగ్గు లేదు, అడిగిన కూర వండిపెట్టాను. కానీ ఆ ఒక్క పేజీలో ఉన్నదున్నట్టు రాశాను. పేరు మీద ఆడటం అంటే ఏమిటో, ఎవరి పేరు మీద ఎవరు ఆడారో, ఆ సర్వీసు ఎవరిదో, బావ పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. రాసి ఇచ్చేసి గొప్ప పని చేసినట్టు వారం రోజులు తలెత్తుకు తిరిగాను.

సెలవులయ్యాక ఒక సాయంత్రం, బావ సంతలో ఉన్న వేళ, మళ్ళీ ఇద్దరూ వచ్చారు. అరవరు, కరవరు, అదే వాళ్ళతో చిక్కు. ప్రెస్సు వాళ్ళు అచ్చుతీసి ఇచ్చిన ప్రూఫు కాగితాలు నా ముందు పెట్టారు. దాని పక్కనే ప్లాస్టిక్ కవర్లోంచి ఒక పాత ఫారం తీసి పెట్టారు. పసుపు పచ్చగా అయిపోయింది. అయినా అక్షరాలు చెక్కుచెదరలేదు. కింద ఎర్రగీత.

"ఇది మీ దస్తూరీయే కదా టీచరమ్మగారూ," అన్నాడు అధ్యక్షుడు.

తలూపాను.

"ఇందులో మీవారి పేరు లేదు. రాసింది మీరే. ఇప్పుడు కాదంటన్నదీ మీరే. రేపు ఎవరైనా అడిగితే, అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు రాసింది అబద్ధమా, ఏటని సెప్తాం? మీకు మాటొస్తాదని మా బాధ." ఇది అధ్యక్షుడు.

"ఉత్తమ టీచరు అవార్డుకి మీ పేరు పంపించారట కదండీ. ఇలాటి టైములో ఎవడైనా దిక్కుమాలినోడు పిటిషను ఎడతాడు." ఇది సెక్రటరీ.

"మేమైతే ఒక్క అక్షరం ముట్టుకోం. మీరే సూసి, ఏది సరైనదనుకుంటే అది దిద్ది ప్రెస్సుకి పంపించండి," అని నమస్కారం పెట్టి మరీ వెళ్ళారు.

నిజమే, ఆ ఏడు అవార్డుకి నా పేరు వెళ్ళింది. కాపీ కొట్టిన పిల్లల వీపు విమానం మోత మోగించినదాన్ని. పంద్రాగస్టుకీ జనవరి ఇరవై ఆరుకీ సత్యం గురించి మైకులో ఊదరగొట్టినదాన్ని. ఆ ఫారం కాగితాన్ని ఎవడైనా మా హెడ్మాస్టరు బల్ల మీద పెడితే? పద్నాలుగేళ్ళ పిల్ల పెద్దాయన చెప్తే రాసిందని ఎవడు ఆలోచిస్తాడు? అలా అనుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అందరూ ఆలోచిస్తారు. మా హెడ్మాస్టరయితే నవ్వేసి ఊరుకునేవాడు. ఆ కొట్టు మనుషులకి నా భయం ఎక్కడుందో నాకన్నా బాగా తెలుసు. రోజూ బేరాలాడేవాళ్ళు కదా.

లేచి స్కేలు తెచ్చుకున్నాను. ఎర్రపెన్ను తీశాను. ఒక్కొక్క వరసా తిన్నగా కొట్టేశాను. కొట్టి, పైన మార్జిన్లో, 'అధ్యక్షుల వారు తమ ఎడమచేతి సర్వీసుతో' అని రాశాను.

బావ సంత నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెప్పాను. "కమిటీవాళ్ళు ఒప్పుకోలేదు బావా. నీ పేరు కొట్టేశారు."

"ఔనా," అన్నాడు. ఇంకో చెంబు నీళ్ళు పోసుకున్నాడు.

మర్నాడు అతను సరుకు పని మీద ఎలాగూ విజయనగరం వెళ్తున్నాడు. ప్రూఫులు కవర్లో పెట్టి ప్రెస్సులో ఇచ్చెయ్యమని అతని చేతికే ఇచ్చాను. నా తెలివితేటలు చూడండి. అతను ఇచ్చి వచ్చాడు.

సభ ఆదివారం పొద్దున్న పెట్టారు. షామియానా, పూలకుండీలు, స్టేజి మీద పదకొండు కుర్చీలు, ఆటగాళ్ళకి మాత్రం కింద పట్టా పరిచారు. అధ్యక్షుడు మాట్లాడాడు. నా గురించి కూడా మాట్లాడాడు. "ప్రతి అక్షరం టీచరమ్మగారే రాసి, టీచరమ్మగారే స్వయంగా దిద్ది ఇచ్చారు. మేం సెయ్యి పెట్టలేదు," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. బావ ఎక్కడున్నాడా అని చూశాను. వల బిగించడానికి పిలిచారు కాబట్టి స్తంభం పక్కన ముక్కాలిపీట మీద కూచున్నాడు. మొహంలో ఏమీ లేదు.

తరవాత ప్రారంభ సర్వీసు. విజయనగరం నుంచి మైకు మనిషిని రప్పించారు. అతనికి ఇక్కడ ఎవరెవరో తెలియదు, నా పుస్తకం చేతిలో పెట్టుకుని అందులోంచే చదువుతున్నాడు. "ఆనాటి ఫైనల్‌ను తన ఎడమచేతి సర్వీసుతో గెలిపించిన వీరుడు" అని అధ్యక్షుడి పేరు పిలిచాడు. పట్టు లాల్చీ సర్దుకుంటూ ఆయన కోర్టులోకి దిగాడు. గీత దగ్గర నిలబడి ఆకాశం కేసి చూశాడు. బంతి కుడిచేతిలోకి తీసుకున్నాడు, గుర్తొచ్చి ఎడంచేతికి మార్చుకున్నాడు. అదెలా ఎగరేయాలో తెలియలేదు. కొట్టాడు. బంతి ఆయన చెప్పు మీద పడి దొర్లింది. రెండోసారి కొట్టాడు. వెళ్ళి ఫోటోలు తీసేవాడి మోకాలికి తగిలింది. పట్టా మీద ఆటగాళ్ళు తలలు దించుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నారు. స్టేజి మీద కుర్చీలు మాత్రం చప్పట్లు కొట్టాయి.

మైకు మనిషి కాగితం మీంచి తల ఎత్తకుండానే, "మరొక్కసారి" అంటూ ఆ పేరు గట్టిగా పిలిచాడు.

బావ లేచాడు.

ముక్కాలిపీట మీంచి ఠక్కున లేచి, లుంగీ పైకి మడిచి, కోర్టులోకి నడిచాడు. అధ్యక్షుడు, వలోడు బంతి తెచ్చివ్వడానికి వస్తున్నాడనుకుని పక్కకి తప్పుకున్నాడు. బావ బంతి తీసుకుని గీత వెనక్కి వెళ్ళాడు. అరచేతిలో ఉమ్మేసుకుని మట్టికి రాశాడు. యాభై దాటిన మనిషి. కొట్టాడు. బంతి వల అంచు తాకీ తాకనట్టు పోయి, అటు వంగి, వెనక గీత మీద పడింది. సున్నం లేచింది.

పట్టా మీద నవ్వుతున్న కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పుడు మైకు మనిషి, బంతి పడిన చోటు చూసినవాడే గానీ కొట్టినవాడిని చూడనివాడు, "చూశారా, ఇన్నేళ్ళ తరవాత కూడా" అంటూ మళ్ళీ అధ్యక్షుడి పేరే ఊరంతా వినపడేలా చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు చుట్టూ చూసి, రెండు చేతులూ ఎత్తి అందరికీ నమస్కారం పెట్టాడు. బావ అప్పటికే స్తంభం దగ్గరికెళ్ళి వల తాడు బిగిస్తున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. ఇంట్లోకి రాగానే నేను ఆగలేకపోయాను.

"ఆ పేరు పిలిస్తే నువ్వెందుకు లేచావు బావా? ఎవడి పేరని లేచావు?"

"పిలిసినారు, లేసాను. కాలికి అదే అలవాటైపోనాది," అన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు నోరు కూడా లేచింది. కమిటీని పేరు పేరునా తిట్టాను. ఆ పౌడరు మొహాన్ని తిట్టాను, వాడి బాబుని తిట్టాను, ఫ్యాను రెక్కల్ని తిట్టాను. "ఆ దరిద్రులు నీ పేరు కొట్టెయ్యకుండా ఉంటే ఈరోజు మైకులో అది చదివేవాడు బావా," అన్నాను.

బావ చొక్కా విప్పి వంకీకి తగిలిస్తున్నాడు.

"ఆల్లని తిట్టకే," అన్నాడు. "ఆల్లు కొట్టుంటే గీత వంకరగా ఉండేది. అది స్కేలెట్టి కొట్టిన గీత."

పీట వాల్చుకుని కూచుని, అన్నం పెట్టమన్నాడు.